బడి ఆఫీసు పని నాకు ఎవరు నేర్పారు

జిల్లా పరిషత్ హైస్కూల్లో జూనియర్ అసిస్టెంట్‌కి, అంటే ఆఫీసు గుమస్తాకి, పోస్టింగ్ ఇచ్చేది జిల్లా పరిషత్ (జెడ్పీ). రోజూ పని చెప్పేది హెడ్మాస్టర్. లెక్కలూ వివరాలూ అడిగేది విద్యాశాఖ. సీనియారిటీ, ప్రమోషన్ మళ్ళీ జెడ్పీలోనే. పైన ఇంతమంది ఉన్నా, ఆ మనిషికి పని నేర్పే బాధ్యత ఎవరిదంటే మాత్రం చెప్పడం కష్టం. జెడ్పీ వైపు నుంచి శిక్షణ వస్తే అందులో ఎక్కువ భాగం మండల పరిషత్ ఆఫీసుల పనే ఉంటుంది. విద్యాశాఖ శిక్షణ అంటే టీచర్లది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. మంచి మాట. అదే బడిలో పిల్లల టీసీలు, టీచర్ల సర్వీస్ రిజిస్టర్లు (ఉద్యోగ చరిత్ర పుస్తకాలు) రాసేవాళ్ళకి కూడా కొన్ని గంటలు కేటాయించండి అని నేను చేరిన దగ్గర్నుంచీ అడుగుతున్నాను.

నాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక హైస్కూల్. ఇల్లు కాశీబుగ్గలో. మా ఆయన ఇదే జిల్లాలో సోషల్ మేస్టారుగా చేసేవారు. 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. ఉద్యోగంలో ఉండగా పోయినవారి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో 1977 నాటి జీవో 687 నుంచి ఉంది. దాని ప్రకారం 2022లో నాకు జూనియర్ అసిస్టెంట్‌గా ఆర్డరు వచ్చింది.

ఆ ఆర్డరు చేతికి రాకముందే సర్వీస్ రిజిస్టర్ అంటే ఏమిటో నాకు తెలిసిపోయింది. ఫ్యామిలీ పెన్షన్ ఫైలు కదలాలంటే ఆయన సర్వీస్ రిజిస్టర్ (ఎస్ఆర్)లో ప్రతి ఏడాదీ "సర్వీసు సరిచూడడమైనది" అని రాసి హెడ్మాస్టర్ సంతకం ఉండాలి. ఆయన పనిచేసిన ఒక బడిలో కొన్నేళ్ళ పాటు ఆ ఎంట్రీ ఎవరూ వెయ్యలేదు. జీతం తీసుకున్నారు, బడికి వెళ్ళారు, పాఠం చెప్పారు. కాగితం మీద మాత్రం ఆ ఏళ్ళు ఖాళీ. పాత పే బిల్లులూ, జీతం అందినట్టు సంతకాలు ఉండే అక్విటెన్స్ రిజిస్టర్లూ వెతికించి, వాటిని బట్టి సర్టిఫికెట్ రాయించుకోవడానికి చంటిదాన్ని మా అమ్మ దగ్గర వదిలి ఆ ఊరు తిరిగాను. ఏడాదికోసారి రెండు నిమిషాలు పట్టే ఎంట్రీ అది. అక్కడ కూర్చున్న గుమస్తాకి దాని విలువ ఎవరూ చెప్పి ఉండరని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడైతే కోపమే వచ్చింది.

నేను చేరేసరికి 2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం జీతాల ఫిక్సేషన్లు నడుస్తున్నాయి. 23 శాతం ఫిట్‌మెంట్, 2018 జూలై 1 నుంచి లెక్క, రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి మార్పు, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. స్టాఫ్ రూమ్‌లో ప్రతి మేస్టారికీ తన జీతం మీద ఒక సందేహం. నా ముందు చేసినాయన బదిలీ అయి వెళ్ళిపోయారు. చార్జి లిస్టు మాత్రం ఇచ్చారు. అందులో ఏ రిజిస్టర్లు ఉన్నాయో ఉంది, వాటితో ఏం చెయ్యాలో ఎక్కడా లేదు.

మొదట నేర్పింది మా అటెండర్ బాబాయే. ఆయనకు ఫండమెంటల్ రూల్స్ అనే సర్వీసు నియమాలు తెలియవు, కానీ ఆ గదిలో ఏ కాగితం ఎక్కడుందో తెలుసు. "అమ్మా, ఈ బీరువా కింద అర ఎప్పుడూ ఖాళీగానే ఉంచాల. తిత్లీకి నీరు ఇక్కడి దాకా వచ్చీసింది," అని గోడ మీద మరక చూపించారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయినదంతా అందరికీ తెలుసు. బళ్ళలో ఏం పోయిందో ఎవరూ పెద్దగా మాట్లాడరు. మా ఆఫీసు గది పెంకులు లేచిపోయి, 1970ల నుంచి ఉన్న అడ్మిషన్ రిజిస్టర్లు తడిసిపోయాయట. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. బాబాయ్, వాచ్‌మన్ కలిసి ఒక్కొక్క పేజీ మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టి, వరండాలో తాళ్ళు కట్టి ఆరబెట్టారు. ఎవరూ చెప్పకుండానే చేశారు. ఇప్పటికీ ఎవరైనా పాతికేళ్ళ కిందటి స్టడీ సర్టిఫికెట్ కోసం వస్తే అవే రిజిస్టర్లు తీస్తాను. ఏ తరగతి ఎక్కడ చదివారన్నది చూపిస్తేనే ఉద్యోగాల్లో లోకల్ అభ్యర్థి అవుతారు మరి. ఆ ఇద్దరి చేతులు లేకపోతే ఎన్ని ఇళ్ళలో టెన్షన్ అయ్యేదో.

రూల్స్ విషయం వచ్చేసరికి అంతా ఫోన్ల మీద నడిచింది. పక్క మండలంలో ఒక సీనియర్ అసిస్టెంట్ గారు ఓపిగ్గా చెప్పేవారు. మిగతావాళ్ళు చెప్పే మాట ఒకటే: "పాత ఫైలు చూసి అలాగే రాసెయ్యమ్మా." దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాత ప్రొసీడింగ్స్ (ఉత్తర్వులు) చూసి రాస్తే, అందులో తప్పుంటే ఆ తప్పుకి కొత్త తేదీ వేసి, కొత్త సంతకం పెట్టించినట్టే. మూడోసారికి అదే రూలు అయి కూర్చుంటుంది. అందుకే శిక్షణ అంటే నాకు జీవో కాపీలు పంచడం కాదు, పాత ఫైలుని అనుమానించడం నేర్పడం.

అలాంటిది ఒకసారి దొరికింది. శ్రీకాకుళంలో కొత్తగా చేరిన మినిస్టీరియల్ (ఆఫీసు గుమస్తా) సిబ్బందికి కొద్ది రోజుల ఓరియంటేషన్ పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళినా జిల్లా పరిషత్‌లు అప్పటికి పాతవే కొనసాగుతున్నాయి కాబట్టి ఆ ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. పలాసలో పొద్దున్న బస్సెక్కితే శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్‌లో దిగేసరికే ఎండెక్కేది. సగం పైగా నాలాగ కారుణ్య నియామకం మీద వచ్చినవాళ్ళే. టీ తాగేటప్పుడు "మీకు ఎవరు?" అని అడిగితే ఒకరు నాన్న అనేవారు, ఒకరు ఆయన అనేవారు. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరక్కుండా కుర్చీలో కూర్చున్నవాళ్ళకి "నోట్ ఫైల్ రాయండి" అంటే చేతులు ఎలా ఆడతాయి? శిక్షణ పెట్టేవాళ్ళు ఈ సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి.

మొదటి పూటంతా స్లైడ్లు. 1964 ప్రవర్తనా నియమాలు, 1991 సీసీఏ (క్రమశిక్షణ చర్యల) రూల్స్, 1933 సెలవు నియమాలు, 1980 పెన్షన్ రూల్స్. పేర్లూ సంవత్సరాలూ రాసుకున్నాం. తర్వాత ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్ గారు వచ్చారు. ఆయన కంప్యూటర్ జోలికి పోలేదు. పేర్లు కనిపించకుండా కాగితం అంటించి జెరాక్స్ తీసిన సర్వీస్ రిజిస్టర్లు కట్ట తెచ్చి, బల్లకొకటి పెట్టారు. "ఈ మనిషి వచ్చే నెల రిటైరవుతున్నాడు. పెన్షన్ ఎందుకు ఆగుతుందో వెతకండి," అన్నారు.

అందరం వంగి చూడడం మొదలుపెట్టాం. మొదటి పేజీలోనే దొరికాయి. ఆ పేజీలో వివరాలు కనీసం ఐదేళ్ళకోసారి తిరిగి ధ్రువీకరించాలని ఎస్ఆర్‌లోనే అచ్చు వేసి ఉంటుంది. మా జెరాక్స్‌లో చేరిన రోజు సంతకం తప్ప ఇంకొకటి లేదు. పుట్టిన తేదీ అంకెల్లో ఉంది, అక్షరాల్లో లేదు. ఒకచోట ఇంక్రిమెంట్ ఇచ్చారు గాని, దాని ముందు తీసుకున్న జీతం లేని సెలవు ఊసే లేదు. ఒక బడి నుంచి రిలీవైన తేదీకీ ఇంకో బడిలో చేరిన తేదీకీ మధ్య పది రోజుల ఖాళీ. అది జాయినింగ్ టైమా, సెలవా, ఇంకేమైనానా? రాయలేదు. మధ్యలో సర్వీసు వెరిఫికేషన్ లేని ఏళ్ళు. అది చూడగానే నాకు గొంతు పట్టేసింది. పక్కన కూర్చున్న పాలకొండ అమ్మాయి నీళ్ళు ఇచ్చింది. సూపరింటెండెంట్ గారు గమనించినట్టున్నారు, నా బల్ల దగ్గరికి వచ్చి, "దీన్ని ఇప్పుడు ఎలా సరిచేస్తావమ్మా?" అని అడిగారు. నేను తిరిగి తెలుసుకున్నదే చెప్పాను: పే బిల్లులు, అక్విటెన్స్ తెప్పించుకుని, వాటి ఆధారంతో ఆ కాలానికి సర్టిఫికెట్ రాయించాలి. ఆయన ఆ జవాబుని బోర్డు మీద రాసి అందరిచేతా రాయించారు.

తర్వాత సెలవు ఖాతా. టీచర్లది వెకేషన్ డిపార్ట్‌మెంట్, ఎండాకాలం సెలవులు ఉంటాయి కాబట్టి వాళ్ళకి ఏడాదికి ఆర్జిత సెలవు (పనిచేసిన కాలానికి జమయ్యే సెలవు) 6 రోజులే. సెలవుల్లో కూడా ఆఫీసు తెరిచే మినిస్టీరియల్ సిబ్బందికి, అటెండరు, వాచ్‌మన్ లాంటి నాలుగో తరగతి ఉద్యోగులకి అలా కాదు. జనవరి 1న 15, జూలై 1న 15, ఏడాదికి 30. ముందు ఆరు నెలల్లో జీతం లేని సెలవు పెడితే అందులో పదో వంతు తగ్గించాలి. నిల్వ 300 రోజులు దాటకూడదు. ఇవన్నీ మేము లెక్కలు వేస్తుంటే ఆయన ఒక మాట అన్నారు: "మీ బడికి వెళ్ళి మీ అటెండర్ లీవ్ అకౌంట్ తీసి చూడండి."

చూశాను. బాబాయ్ ఖాతాలో ఎప్పటి నుంచో ఏడాదికి 6 రోజులే జమ అవుతోంది. బళ్ళో పనిచేస్తాడు కాబట్టి టీచర్ల లెక్కే అనుకుని ఎవరో మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు పై పేజీ చూసి కింద పేజీ రాసుకుంటూ పోయారు. ఏడాదికి 24 రోజులు. రిటైరైనప్పుడు నిల్వ ఉన్న సెలవుకి డబ్బు వస్తుంది కదా, ఆ లెక్కలో ఇది చిన్న మొత్తం కాదు. ఎండాకాలంలో పిల్లలెవరూ లేని బడికి పదో తరగతి మెమోల కోసం, అడ్మిషన్ల కోసం రోజూ వచ్చి తాళం తీసిన మనిషి ఆయన. హెడ్మాస్టర్ గారికి రూలు, లెక్క రెండూ పెట్టి నోట్ రాశాను. హాజరు రిజిస్టర్లు ఏడాది వారీగా తీసి, సెలవుల్లో ఆయన డ్యూటీలో ఉన్నట్టు చూపించి, ఖాతా కొత్తగా వేసి, ఎర్ర సిరాతో సవరణ రాసి సంతకం చేయించాం. పని నెమ్మదిగానే సాగింది. మధ్యలో బాబాయ్ "ఎందుకమ్మా, ఒగ్గీ. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేటి?" అన్నారు. నేను ఒగ్గలేదు.

ఇదంతా ఒక పూట పాఠం వల్ల జరిగింది. నేర్పే మనిషి అసలు ఫైలు చేతిలో పెట్టి వెతకమన్నాడు కాబట్టి జరిగింది. స్లైడ్ల మీద 1933 అని చదివినప్పుడు నాకు బాబాయ్ గుర్తుకు రాలేదు.

జీతాల బిల్లు గురించి ఎక్కువ రాయను. మేకర్, చెకర్, సబ్మిటర్ అని మూడు మెట్లు: బిల్లు వేసేవాళ్ళు, సరిచూసేవాళ్ళు, పంపేవాళ్ళు. 25వ తేదీ లోపు బిల్లు వెళ్తే ఒకటో తేదీకి ఆశ ఉంటుంది. ఇది రెండు నెలలు చేస్తే వచ్చేస్తుంది. ఎవరైనా పక్కన కూర్చుని ఒక్కసారి చూపిస్తే చాలు.

పిల్లల రికార్డు మాత్రం అలా వచ్చే పని కాదు. బడుల వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి ప్రతి పిల్లవాడి వివరం విడివిడిగా ఎక్కించాలి. ప్రతి ఒక్కరికీ పెన్ నంబరు (బడి మారినా మారని విద్యార్థి నంబరు) ఉంటుంది. ఉద్దానం నుంచి కూలి పనులకి హైదరాబాద్, చెన్నై వెళ్ళే కుటుంబాలు ఏడాది మధ్యలో టీసీ అడుగుతాయి. "మేడమ్, రాత్రి బండికి ఎలిపోతన్నాం, పిల్లోడి టీసీ ఇచ్చీండి," అంటారు. టీసీ కాగితం రాసి ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. ఆన్‌లైన్‌లో కూడా ఆ పిల్లవాడిని మన బడి నుంచి విడుదల చేసి డ్రాప్‌బాక్స్‌లో, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలో, పెట్టాలి. అప్పుడే అక్కడి బడి పెన్ నంబరుతో, పుట్టిన తేదీతో అతన్ని తీసుకోగలదు. మనం పెట్టకపోతే తల్లి పని మానుకుని అక్కడి నుంచి ఫోన్లు చెయ్యాలి. ఈ ఒక్క ముక్క మా చుట్టుపక్కల ఆఫీసుల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు. టీసీ అంటే కాగితమే అనుకున్నారు.

ఆ తర్వాత అపార్ అనే విద్యార్థి గుర్తింపు నంబరు వచ్చింది. 12 అంకెలు. దానికి తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలి, ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒకటిగా ఉండాలి. మందస, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళ పిల్లల పేర్లు ఆధార్‌లో ఒకలా, మన రిజిస్టర్‌లో తెలుగు ఉచ్చారణకి తగ్గట్టు ఇంకోలా ఉంటాయి. కొందరి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి ఒకటి. ఏది సరిచెయ్యాలి? పని త్వరగా అవ్వాలని బడి రిజిస్టర్ దిద్దేయమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ మన ఇష్టానికి దిద్దేది కాదు. పుట్టిన సర్టిఫికెట్ ఉంటే ఆధార్‌ని దాని ప్రకారం మార్చుకోమని, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో చీటీ రాసిచ్చి పంపేదాన్ని. పదో తరగతి నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ళ జాబితాలో) ఎక్కిన పేరే ఎస్ఎస్సీ మెమోలో వస్తుంది. ఆ మెమోనే ఆ పిల్లతో జీవితాంతం తిరుగుతుంది. ఇంటిపేరు ముందా వెనకా, ఒక అక్షరం ఎక్కువా తక్కువా అన్నది చూసేది ఆ రోజు మా కళ్ళే. ఇంత బరువున్న పనికి "చూసి నేర్చుకో" అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, మాకే కాదు, ఆ పిల్లలకి కూడా.

మా బళ్ళో ఆయాకీ వాచ్‌మన్‌కీ జరిగిన ఒక చిన్న శిక్షణ గురించి కూడా చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణకి వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం మీద ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి మాట్లాడారు. పిల్ల ఏదైనా చెప్పినా, మనకి అనుమానం వచ్చినా పోలీసులకి తెలియజేయాల్సిన బాధ్యత ఆ బళ్ళో ఎవరికైనా ఉంటుందని, దాచిపెడితే అదే నేరమని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యవచ్చని చెప్పారు. మా ఆయా లేచి అడిగింది: "అమ్మా, పిల్లలు మేస్టార్లకి చెప్పరు. బాత్రూమ్ దగ్గర నాకే చెప్తారు. నేను ఎవరికి చెప్పాల? నా మాట నమ్ముతారా?" వచ్చినావిడ తడుముకోకుండా జవాబిచ్చారు. చట్టం నీకూ హెడ్మాస్టర్‌కీ తేడా చూడదు, నువ్వే నేరుగా చెప్పవచ్చు, ఆ పిల్లని మాత్రం పదేపదే అడగొద్దు, తిట్టొద్దు అని. ఆ రోజు నుంచి ఆయా ఫోన్‌లో 1098 సేవ్ అయి ఉంది. వంట చేసేవాళ్ళని కూడా ఆ మీటింగ్‌కి పిలవాల్సింది. పిల్లలు వాళ్ళతో ఇంకా చనువుగా ఉంటారు. తర్వాతిసారి పిలవమని హెడ్మాస్టర్ గారికి చెప్పాను, ఒప్పుకున్నారు.

ప్రొబేషన్ అంటే మూడేళ్ళ కాలంలో రెండేళ్ళ డ్యూటీ. అది డిక్లేర్ కావాలంటే కంప్యూటర్ పరీక్ష పాసవ్వాలని నా ఆర్డర్లోనే రాశారు. సీనియర్ అసిస్టెంట్ కావాలంటే ఏపీపీఎస్సీ డిపార్ట్‌మెంటల్ పరీక్షల్లో సబార్డినేట్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్ట్ కూడా ఉంది. పాపకి అన్నం పెట్టి పడుకోబెట్టాక ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్ తీసేదాన్ని. ఒంటరిగా చదివితే తలకెక్కేది కాదు. క్యాష్‌బుక్ ఎందుకు ఏ రోజుకారోజు ముయ్యాలో, వసూలైన డబ్బు నేరుగా ఖర్చు పెట్టకుండా ముందు ఎందుకు జమ చెయ్యాలో పగలు మా ఆఫీసు క్యాష్‌బుక్ దగ్గర చూసినదే రాత్రి పుస్తకంలో అర్థమయ్యేది. పరీక్షలు అయిపోయాయి. చదివే కొత్తవాళ్ళకి నేను చెప్పేది అదే, పుస్తకం ఇంట్లో పెట్టుకోకండి, ఆఫీసు టేబుల్ మీద ఉంచండి.

ఓరియంటేషన్ అయ్యాక బస్సులో తిరిగొస్తూ మా వైపు వాళ్ళం ఒకటి అనుకున్నాం. రెండో శనివారం సెలవు కదా, ఎవరో ఒకరి బళ్ళో రెండు గంటలు కలుద్దామని. పలాస, మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు నుంచి వీలైనవాళ్ళు వస్తాం. ఒక్కటే షరతు, ప్రతి ఒక్కరూ తనకి తేలని కాగితం ఒకటి తేవాలి, పేర్లు మూసి. మా సీనియర్ అసిస్టెంట్ గారు పెద్దక్కలా నడిపిస్తారు. ఆవిడకీ తెలియకపోతే రూలు పుస్తకం తీస్తాం. దానికీ తేలకపోతే జెడ్పీకి రాసి అడుగుతాం. ఒక అబ్బాయి తన ఆఫీసులో సెలవు ఖాతాలు చూస్తే అక్కడ కూడా నాలుగో తరగతి ఉద్యోగికి 6 రోజులే వేసి ఉన్నాయి. మేము రాసిన నోట్ కాపీ పెట్టుకుని అతను కూడా సరిచేయించాడు.

ఇది మాకు మేము చేసుకుంటున్నది. సంతోషమే. కానీ టెక్కలి అవతల, పాతపట్నం కొండల దగ్గర ఒంటరిగా కూర్చున్న కొత్త గుమస్తాకి ఇలాంటి అక్క దొరకాలని ఏముంది? అందుకే అందరం కలిసి ఒక ఉత్తరం రాశాం. ఒక ప్రతి జెడ్పీకి, ఒక ప్రతి విద్యాశాఖకి. ఇద్దరూ కలిసి క్యాలెండర్ వెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెలలోనే అసలు రిజిస్టర్లు ముందు పెట్టుకుని కూర్చోవాలి. బదిలీ మీద వెళ్ళేవాళ్ళు చార్జి లిస్టుతో పాటు కొన్ని రోజులు పక్కన కూర్చుని అప్పగించాలి. జిల్లాలోని ప్రతి హైస్కూల్లో అటెండర్లు, వాచ్‌మన్ల సెలవు ఖాతాలు ఒకసారి తనిఖీ చెయ్యాలి. జెడ్పీలో ఉత్తరం తీసుకుని నంబరు వేశారు. ఇంకా జవాబు రాలేదు. వచ్చే రెండో శనివారం సోంపేటలో కలుస్తున్నాం. ఈసారి నామినల్ రోల్స్ పట్టుకురమ్మని అందరికీ చెప్పాం, ఆధార్‌లో పేరుతో పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం చూడాలి.